ఎయిర్ రైఫిల్ వేటకు తగిన కుక్క: ఇంగ్లండ్ పల్లెల్లో స్థిరపడినవారికి

షాట్‌గన్‌కు పనికొచ్చే కుక్కే ఎయిర్ రైఫిల్‌కూ పనికొస్తుందనుకోవడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. షాట్‌గన్ నుంచి వందల కొద్దీ చిన్న గుళ్లు ఒక్కసారిగా చెదిరి వెళతాయి కనుక దానితో ఎగిరే పక్షినీ, పరుగెత్తే కుందేలునూ కొట్టవచ్చు; పొదల్లోకి దూరి జంతువును లేపే స్పానియల్ దానికి సరైన తోడు. ఎయిర్ రైఫిల్ గాలి ఒత్తిడితో పంపేది ఒక్క గుండును, అదీ తక్కువ బలంతో. కదలకుండా కూర్చున్న జంతువు తలకు గురిపెట్టి కొట్టడమే దానితో చేయదగిన పని. కాబట్టి కుందేళ్లను లేపి తరిమే కుక్క ఎంత చురుకైనదైనా మన వేటను చెడగొడుతుంది. మనకు కావలసింది గంటసేపు చప్పుడు చేయకుండా పక్కనే పడుకుని, గుండు పేలాక ముళ్లపొదలో పడినదాన్ని వెతికి చేతికి తెచ్చి ఇచ్చే కుక్క.

రైఫిల్ సంగతి ముందుగా చూద్దాం. ఇంగ్లండ్, వేల్స్‌లలో గుండు శక్తి 12 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 16 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌ను 18 ఏళ్లు నిండినవారు సర్టిఫికెట్ లేకుండా కొనవచ్చు. స్కాట్లండ్‌లో 2016 డిసెంబరు 31 నుంచి దానికీ సర్టిఫికెట్ తప్పనిసరి. అంగుళాలలో చెప్పే .177, .22 అనే రెండు గుండు సైజులలో .177 గుండు వేగంగా, నేరుగా పోతుంది కనుక దూరం అంచనాలో చిన్న తప్పు జరిగినా గురి తప్పదు; .22 గుండు బరువైనది, కానీ దాని దారి ఎక్కువ వంగుతుంది. నేను కొత్తవారికి .177నే చెబుతాను. బిగించిన స్ప్రింగు గాలిని నొక్కి గుండును పంపే స్ప్రింగ్ రైఫిల్ చవక, దానికి గాలి సిలిండరు అక్కరలేదు. అయితే పేలేటప్పుడు అది అదురుతుంది కనుక గట్టిగా బిగించకుండా అరచేతిపై ఆనించి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. గాలి ముందే నింపుకునే పీసీపీ రైఫిల్ అదరదు, సైలెన్సర్ బిగిస్తే దాదాపు చప్పుడే ఉండదు, దగ్గర పడుకున్న కుక్క చెవులకూ అదే మంచిది. ఏది కొన్నా, పౌండు నాణెమంత వలయంలో అయిదు గుళ్లను వరుసగా ఎంత దూరం నుంచి పెట్టగలరో కాగితంపై తేల్చుకోండి. మీ వేట దూరం అదే. చాలామందికి అది 25, 30 గజాలు దాటదు, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

కుందేలుకు కంటికీ చెవికీ మధ్య గురిపెట్టాలి. వుడ్‌పిజన్ అనే పెద్ద అడవి పావురాన్ని ఎదురురొమ్ముపై కొట్టకూడదు. ధాన్యంతో నిండిన దాని మేతసంచి గుండును ఆపేస్తుంది, పక్షి గాయంతో ఎగిరిపోయి ఎక్కడో చస్తుంది. తల కనిపించకపోతే ఆ అవకాశాన్ని వదులుకోవాలి.

చట్టం విషయంలో నిర్లక్ష్యం పనికిరాదు. భూమి యజమాని అనుమతిని కాగితంపై తీసుకోండి. వుడ్‌పిజన్ వంటి పక్షులను కొట్టడానికి ఇంగ్లండ్‌లో జనరల్ లైసెన్సు, అంటే అందరికీ కలిపి ఇచ్చే అనుమతి, నిబంధనలు వర్తిస్తాయి. పంట నష్టాన్ని ఆపడం వంటి కారణం ఉండాలి తప్ప సరదా కారణం కాదు. 2004 నాటి హంటింగ్ యాక్ట్ ప్రకారం కుక్కతో అడవి జంతువులను తరిమించడం నేరం. కుందేలుకు (రాబిట్‌కు), ఎలుకకు యజమాని అనుమతితో మినహాయింపు ఉంది కానీ బూడిదరంగు ఉడుతకు ఆ మినహాయింపు లేదు, కనుక ఉడుతల వెంటపడే అలవాటును మొదటిరోజు నుంచే మాన్పించాలి. ఆంధ్ర, తెలంగాణల నుంచి చదివేవారికి ఒక మాట: మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. లైసెన్సు లేకుండా దొరికే .177 ఎయిర్ రైఫిల్ అక్కడ గురి సాధనకు మాత్రమే.

ఇక కుక్క. ఈ పనికి నేను మొదట లాబ్రడార్‌నే చెబుతాను, అందులోనూ ప్రదర్శనల కోసం పెంచిన బరువైన రకం కాక, పని కోసం పెంచిన సన్నపాటి రకాన్ని. కాకర్ స్పానియల్ తెలివైనదే, ముళ్లపొదలకు జంకదు, కానీ దాన్ని కుదురుగా కూర్చోబెట్టడానికి రెట్టింపు ఓపిక కావాలి. పిల్లను తల్లితో పాటు, పెంచినవారి ఇంట్లోనే చూడండి. తల్లిదండ్రుల తుంటి కీళ్ల లోపాలకు వేసే స్కోరు అడగండి: ఒక్కో తుంటికి 0 నుంచి 53 వరకు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతుల, కళ్ల పరీక్షల కాగితాలూ చూడండి. గుంపులో అందరికంటే ముందుగా మీ మీదికి దూకే పిల్ల ముచ్చటగా ఉంటుంది; నేనైతే కాస్త వెనుక నిలబడి మిమ్మల్ని గమనించి, ఆపై దగ్గరకు వచ్చే పిల్లను తీసుకుంటాను.

మొదటి ఆరు నెలలు పేరు, పిలుపు, పక్కన నడక చాలు. ఆ తరువాత రోజుకు పది నిమిషాల పాఠం. విజిల్ ఒక్కసారి పొడవుగా ఊదితే కూర్చోవాలి, చిన్నచిన్నగా పలుమార్లు ఊదితే తిరిగి రావాలి. వేట జంతువుకు బదులుగా వాడే గోనెగుడ్డ డమ్మీని విసిరిన ప్రతిసారీ కుక్కను పంపకండి. పదింటిలో ఏడింటిని మీరే నడిచి వెళ్లి తెచ్చుకోండి. పడిన ప్రతిదీ తనది కాదని అప్పుడే దానికి తెలుస్తుంది. రైఫిల్ చప్పుడును మొదట దూరం నుంచి, అన్నం తినే వేళ వినిపించి, రోజురోజుకూ దగ్గర చేయండి.

డమ్మీని చక్కగా తెచ్చే కుక్క మొదటి పావురం దగ్గర తడబడుతుంది. వుడ్‌పిజన్ ఈకలు చాలా వదులుగా ఉంటాయి, నోట పట్టగానే ఊడి నాలుకకు అతుక్కుంటాయి. మా కుక్క మొదటిసారి పక్షిని వదిలేసి, తల విదిలిస్తూ, ముందుకాలితో మూతిని తుడుచుకుంటూ నిలబడింది. ఒక పాత మేజోడులో చల్లారిన పావురాన్ని దూర్చి, ఈకలు బయటికి రాకుండా ముడివేసి ఇస్తే మరునాడే తెచ్చింది. నాలుగు రోజులకు మేజోడు అక్కరలేకపోయింది. రక్తం కారే వేడి పక్షిని మాత్రం మొదట్లో ఇవ్వకండి, నమిలే అలవాటు అక్కడే మొదలవుతుంది.

పొలంలో కుక్కను మీ వెనుక, రైఫిల్ పట్టని వైపు పడుకోబెట్టండి. కుక్క ముందుకు వెళ్లి ఉన్నప్పుడు ఎంత మంచి అవకాశం కనిపించినా గుండు పేల్చకూడదు. దాన్ని పంపే ముందు రైఫిల్‌లో గుండు లేదని చూసుకోండి. బిగించిన స్ప్రింగ్ రైఫిల్ అయితే మెత్తటి నేలలోకి పేల్చి ఖాళీ చేయండి. గుండు పేలాక అర నిమిషం ఆగి, పడినచోటును ఒక చెట్టునో రాయినో గుర్తుపెట్టుకుని, గాలి కుక్క ముఖానికి తగిలే వైపు నుంచి పంపండి. కుందేలు గాయంతో పొదలోకి పాకితే మనిషి కంటే కుక్క ముక్కే దాన్ని త్వరగా కనిపెడుతుంది, ఆ బాధ త్వరగా తీరుతుంది. ఇంటికి వచ్చాక మీరు కూర్చునే ముందే కుక్క చెవులలో, కాలివేళ్ల మధ్య గడ్డి ముళ్లు వెతకండి, ముఖ్యంగా జూన్, జూలై నెలలలో; అవి చర్మంలోకి దూరితే పశువైద్యుడి దగ్గరకే వెళ్లవలసి వస్తుంది.