ఇంట్లో పెంచే తాబేలు మందకొడిగా ఉంటే: ముందు వెచ్చదనం, తరువాత నీళ్లు, ఆ తరువాతే మేత

తాబేలు నెమ్మదైన జీవి కాబట్టి అది రోజంతా ఒక మూల కదలకుండా పడి ఉన్నా సహజమేనని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న నేల తాబేలు అలా ఉండదు. ఒళ్లు వెచ్చబడగానే తల బయటపెట్టి తిరుగుతుంది, మేత కనిపిస్తే మెడ చాచి వస్తుంది, చేతిలోకి తీసుకుంటే కాళ్లను బలంగా లోపలికి లాక్కుంటుంది. రెండు మూడు రోజులుగా ఇవేవీ చేయకుండా, కళ్లు సగం మూసుకొని, మేతను కనీసం వాసన కూడా చూడకుండా ఉందంటే దానికి ఏదో లోపించిందని అర్థం. ఇంటి లోపలే పెరిగే తాబేళ్ల విషయంలో ముందుగా అనుమానించవలసినవి వెచ్చదనం, నీరు, సూర్యరశ్మి. వీటిని ఏ వరుసలో సరిచేస్తామన్నది చాలా ముఖ్యం. చల్లబడి, ఎండిపోయి ఉన్న తాబేలు నోట్లో ముందుగా మేత కుక్కితే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు మీ దగ్గర ఉన్నది ఏ తాబేలో తేల్చుకోండి. నల్లటి డిప్ప మీద ప్రతి పలక నడుమ నుంచి పసుపు చారలు కిరణాల్లా విచ్చుకొని ఉంటే అది రాయలసీమ పొదల అడవుల్లో సహజంగా బతికే నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. దాన్ని పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఇంటికి కలిసొస్తుందని ఎవరో తెచ్చి ఇచ్చినా, పొలం గట్టున దొరికిందని పిల్లలు ఎత్తుకొచ్చినా అటవీ శాఖ కార్యాలయానికి అప్పగించడమే సరైన పని. అప్పగించేలోపు దాన్ని వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచితే చాలు. ఇసుక రంగు డిప్పతో, ముందుకాళ్ల మీద మొనదేలిన గట్టి పొలుసులతో, తొడల వెనుక ముళ్ల వంటి బుడిపెలతో ఉన్నది ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా జాతి. ఇలాంటి విదేశీ జాతులను పెంచేవారు 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించుకోవాలి. చెవి దగ్గర ఎర్రటి చార ఉన్న చిన్న ఆకుపచ్చ తాబేలు నీటిలో బతికేది; దాని పోషణ వేరు. ఇక్కడ చెప్పేదంతా సల్కాటా వంటి నేల తాబేళ్ల గురించే.

తాబేలు తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. చుట్టూ ఉన్న గాలి, కింద ఉన్న నేల ఎంత వెచ్చగా ఉంటే దాని అరుగుదల, రోగాన్ని ఎదుర్కొనే శక్తి అంత బాగా పనిచేస్తాయి. నలభై డిగ్రీల ఎండలు కాసే ఊళ్లలో తాబేలుకు చలి ఎక్కడిదని అనిపించవచ్చు. కానీ మన ఇళ్ల నేలను ఒకసారి అరచేత్తో తాకి చూడండి. కడప నల్లబండలు గాని, బేతంచర్ల బండలు గాని పరిచిన గదిలో, ఎండ పడని మూలన, మధ్యాహ్నం పూట కూడా నేల చల్లగానే తగులుతుంది. మనకు హాయినిచ్చే ఆ చల్లదనమే రోజంతా బండకు పొట్ట ఆనించి పడుకునే తాబేలు ఒంట్లోని వేడిని లాగేస్తుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అనంతపురంలో వేడి 17, 18 డిగ్రీలకు దిగినప్పుడు ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. వేసవిలోనూ ఇదే జరిగే ఇళ్లు ఉన్నాయి: బయట 42 డిగ్రీలున్నా లోపల ఏసీ 23 దగ్గర నడుస్తుంటే తాబేలుకు అది చలికాలమే. కూలరు గాలి నేరుగా తగిలే చోట ఉంచడం అంతకన్నా హానికరం.

కొందరు దీన్ని శీతాకాల నిద్ర అనుకొని కదిలించకుండా వదిలేస్తారు. సల్కాటాకు శీతాకాల నిద్ర లేదు. చలికి మొద్దుబారి పడి ఉన్న సల్కాటా విశ్రాంతి తీసుకోవడం లేదు, నీరసిస్తోంది.

కాబట్టి మొదటి రోజే దాన్ని నేల మీద నుంచి తీసి, చెక్కతో గాని ప్లైవుడ్‌తో గాని చేసిన వెడల్పాటి పెట్టెలోకి మార్చండి. జానెడు తాబేలుకు కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు కావాలి. అద్దాల అక్వేరియం తొట్టి దీనికి తగదు. అద్దం అడ్డమని తెలియక అది గంటల తరబడి గోడను గీకుతూ అలసిపోతుంది. అడుగున మందులు తగలని మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. ఒక చివర పైనుంచి వేడినిచ్చే 60 వాట్ల దీపాన్ని వేలాడదీసి, దాని కింద, తాబేలు వీపు ఎత్తున, 32 నుంచి 35 డిగ్రీలు ఉండేలా ఎత్తు సర్దండి. రెండో చివర 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే వేడెక్కినప్పుడు అది తానే అటు జరుగుతుంది. చేతితో తాకి అంచనా వేయడం సరిపోదు. తీగ చివర సెన్సరు ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటరు కొని రెండు చివరలా కొలవండి. నీరసంగా ఉన్నన్నాళ్లు రాత్రిపూట కూడా వేడి 25 డిగ్రీల కన్నా తగ్గకూడదు. రాత్రంతా వెలుతురు ఉంటే దాని నిద్ర చెడుతుంది కాబట్టి కాంతి రాని సెరామిక్ హీటరు వాడటం మంచిది. పొట్ట కింద హీటింగ్ ప్యాడ్ పెట్టకండి. కింది డిప్ప కాలుతున్నా తాబేలు పక్కకు తప్పుకోకపోవచ్చు. రాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాను మందపాటి తువాలులో చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచండి.

ఒళ్లు వెచ్చబడ్డాక, అంటే ఒక పూట గడిచాక, నీళ్ల సంగతి చూడాలి. తాబేలు విసర్జించే మూత్రంతో పాటు తెల్లటి ముద్ద వంటి పదార్థం వస్తుంది. అది మెత్తగా, పలచటి సున్నంలా ఉంటే ఒంట్లో తగినంత నీరున్నట్లు. వేళ్ల మధ్య ఇసుకలా గరగరలాడినా, గడ్డకట్టి వచ్చినా ఒళ్లు ఎండిపోయిందని తెలుసుకోవాలి. అలాగే కొనసాగితే మూత్రాశయంలో రాయి ఏర్పడే ప్రమాదం ఉంది. గుంటపడిన కళ్లు, సాగదీస్తే వెంటనే వెనక్కి పోని మెడ చర్మం కూడా ఇదే చెబుతాయి.

దీనికి మందు గోరువెచ్చటి నీటి స్నానమే. పసిబిడ్డకు లాలపోసే నీళ్లను మోచేతితో చూసుకున్నట్లే చూసుకొని, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోయండి. నీటి మట్టం పై డిప్ప, కింది డిప్ప కలిసే అంచు వరకే ఉండాలి, తల ఎప్పుడూ నీటిపైనే ఉండాలి. నేల తాబేళ్లకు ఈత రాదు కాబట్టి స్నానం పూర్తయ్యేదాకా మనిషి పక్కనే ఉండాలి. ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచి, నీళ్లు చల్లారితే మళ్లీ వెచ్చటి నీళ్లు కలపండి. కాసేపటికి అది తల వంచి మూతిని నీటిలో ముంచి, గొంతు కింది చర్మం ఎగసిపడేలా తాగుతుంది. చాలా తాబేళ్లు నీటిలోనే మలమూత్రాలు విసర్జిస్తాయి. అప్పుడు నీళ్లు మార్చాలి. బయటికి తీశాక పొడి బట్టతో తుడిచి నేరుగా దీపం కిందికి చేర్చండి. కోలుకునే వరకు రోజూ ఇలా చేయాలి. తరువాత పిల్ల తాబేలుకు రోజూ, పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు చాలు.

ఇక ఎండ. కిటికీ దగ్గర పెడుతున్నాం కదా అని చాలామంది అంటారు. సూర్యకాంతిలో డీ3 విటమిన్ తయారీకి పనికివచ్చే యూవీబీ కిరణాలను కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వేడి మాత్రం లోపలికి వస్తుంది, అందుకే మనకు తేడా తెలియదు. డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. నెలలు గడిచేకొద్దీ డిప్ప మెత్తబడుతుంది, కాళ్లలో సత్తువ తగ్గి నడిచేటప్పుడు పొట్ట నేలకు రాసుకుంటుంది. ఇంత ఎండ ఉన్న సీమలో తాబేలు ఎండ అందక జబ్బుపడటం నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. చలికాలంలో ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపల అరగంటైనా మిద్దె మీదో పెరట్లోనో వదలండి. ఏప్రిల్, మే నెలల్లో ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాటనివ్వకండి, ఆ తరువాత మిద్దె నేల కాలిపోతుంది. ఏ కాలమైనా సగం చోటు నీడలో ఉండి తీరాలి. నీడ లేని ఎండలో తాబేలు కొద్ది సేపట్లోనే వడదెబ్బకు చనిపోగలదు. గద్దలు, కాకులు, కుక్కల వల్ల కూడా దాన్ని ఒంటరిగా వదలకూడదు. అపార్ట్‌మెంట్లో ఈ వసతి లేనివారు సరీసృపాల కోసం తయారైన యూవీబీ ట్యూబ్ తెప్పించుకొని, కంపెనీ చెప్పిన ఎత్తులో, అడ్డంగా అద్దం గాని ప్లాస్టిక్ గాని లేకుండా అమర్చాలి. వెలుగు వస్తూనే ఉన్నా అందులోని యూవీబీ క్రమంగా తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికొకసారైనా ట్యూబ్ మార్చాలి.

వెచ్చదనం, నీరు, ఎండ కుదిరాక చాలా తాబేళ్లు అడగకుండానే మేతకు వస్తాయి. ఆకలి పుట్టించడానికి మందార పువ్వు పెట్టి చూడండి. ఎర్రటి రంగుకు అవి త్వరగా కదులుతాయి. సల్కాటాకు ప్రధానమైన మేత గడ్డే. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మందార ఆకులు, కొద్దిగా మునగాకు కలపవచ్చు. హిందూపురం, మడకశిర, ధర్మవరం వైపు వారికి మల్బరీ ఆకు సులువుగా దొరుకుతుంది. పట్టుపురుగు చచ్చిపోతుందనే భయంతో ఆ తోటల్లో మందు కొట్టడం తక్కువ, అయినా అడిగి తెచ్చుకోండి. కంచెల వెంట పెరిగే నాగజెముడు కూడా మంచి మేతే: లేత పలకను పట్టకారుతో పట్టుకొని పొయ్యి మంట మీద తిప్పితే పెద్ద ముళ్లతో పాటు కంటికి కనిపించని నూగు ముళ్లు కూడా కాలిపోతాయి, కడిగి ముక్కలు చేసి పెట్టవచ్చు. అందులో నీరు, కాల్షియం రెండూ ఉంటాయి. పచారీ, ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఎముక) ముక్కను పెట్టెలో ఒక పక్కన ఉంచితే కాల్షియం కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది.

అన్నం, రొట్టె, పాలు, కుక్కల మేత అసలు పెట్టకండి. అరటిపండు, టమాటా ఇష్టంగా తింటుంది గాని సల్కాటా పేగుకు పండ్ల తీపి సరిపడదు. పాలకూర, గోంగూర కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. పశువులకే ప్రమాదమని రైతులు మేపని లేత జొన్న పిలకలను దీనికీ పెట్టవద్దు. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం ఆకులు పెరట్లో దాని నోటికి అందే ఎత్తులో ఉండకూడదు.

వారానికొకసారి, ఒకే వేళకు, స్నానానికి ముందు, వంటింటి డిజిటల్ కాటా మీద తూచి బరువు రాసిపెట్టుకోండి. కదలిక మనల్ని మోసం చేయవచ్చు, బరువు చేయదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యంతో ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు: ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీసుకోవడం, ఉబ్బి మూసుకుపోయిన కళ్లు, పెద్ద తాబేలు డిప్ప వేలితో నొక్కితే లొంగడం, తోక దగ్గర కండ వెలుపలికి రావడం, ఎత్తినప్పుడు కాళ్లు వేలాడిపోవడం. ఇవేవీ లేకపోయినా, వెచ్చగా ఉంచి రోజూ స్నానం చేయించినా వారం దాటి మేత ముట్టకపోతే వైద్యుడికి చూపించాలి. ఆడ తాబేలైతే గుడ్లు లోపల చిక్కుకొని ఉండవచ్చు. మూత్రాశయంలో రాయి ఉన్నా, గుడ్డు ఉన్నా ఎక్స్‌రేలో తెలుస్తుంది. కడప జిల్లా వారికి ప్రొద్దుటూరులోను, కొంచెం దూరమైనా తిరుపతిలోను పశువైద్య కళాశాలలు ఉన్నాయి. సరీసృపాలను తరచుగా చూసే వైద్యులు కావాలంటే కర్నూలు వారు హైదరాబాదుకు, అనంతపురం వారు బెంగళూరుకు వెళ్లడం మేలు. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో తువాలు పరిచి తీసుకెళ్లండి. బరువుల చిట్టా, పెట్టెలో ఉష్ణోగ్రతల వివరం, వీలైతే తాజా మలం నమూనా వెంట ఉండాలి.

పశువులకు, కుక్కలకు పురుగుల మందుగా విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్లకు ప్రాణాంతకం. ఎవరి దగ్గర చూపించినా ఈ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పండి. ఏ-విటమిన్ ఇంజెక్షన్ కూడా మోతాదు మించితే చర్మం ఊడిపోతుంది. డిప్పకు నూనె రాయడం, రంగు వేయడం వల్ల ఏ లాభమూ లేదు.

తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా సూక్ష్మజీవులు ఉండవచ్చు కాబట్టి తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, స్నానం చేయించిన టబ్బును వంటింటి సింకులో కడగకూడదు, ఐదేళ్లలోపు పిల్లల చేతికి దాన్ని ఇవ్వకూడదు.

కోలుకున్న సల్కాటా ఏళ్లు గడిచేకొద్దీ 40 కిలోలు దాటగలదు, మనిషితో సమానంగా బతకగలదు. పెరడు లేని ఇంట్లో దాన్ని ఎల్లకాలం ఉంచలేమనిపిస్తే, స్థలం ఉండి నిబంధనలు పాటించే పెంపకందారుకు పోర్టల్‌లో వివరాలు మార్పించి అప్పగించండి, లేదా అటవీ శాఖ అధికారులను అడగండి. గుడి కోనేటిలో వేస్తే అది మునిగి చనిపోతుంది. కొండల్లో వదిలితే మనదికాని జాతిని, దాని రోగాలతో సహా, మన నక్షత్ర తాబేళ్ల మధ్యకు పంపినట్లవుతుంది.