పండుగలు అవతల, బడి ఇవతల: సిరొంచ వైపు పిల్లల హాజరు తగ్గకుండా

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మన సిరొంచ తాలూకాలో పిల్లలు బడి మానేది జ్వరాలకన్నా పండుగలకే ఎక్కువ. పండుగ చేసుకోవడం తప్పు కాదు. మన పండుగలు గోదావరి అవతల తెలంగాణ లెక్కన నడుస్తాయి, బడి మహారాష్ట్ర లెక్కన నడుస్తుంది, చిక్కంతా అక్కడే. జిల్లా పరిషత్ బడి వ్యవస్థాపన సమితిలో (బడి నిర్వహణ చూసే కమిటీలో) నేనూ ఒక తల్లిగా ఉన్నాను కాబట్టి హజేరీ పుస్తకం చూస్తుంటాను. బతుకమ్మ రోజుల పేజీ తిప్పితే బాధేస్తుంది.

జూన్ ఆఖరులో బడి తెరవగానే సార్ దగ్గర ఆ ఏడాది సెలవుల జాబితా ఫోటో తీసుకోండి. ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో బడి సెలవులకు ఎర్ర పెన్నుతో, మనం ఊరెళ్లాలనుకునే రోజులకు నీలి పెన్నుతో సున్నా చుట్టండి. నీలం ఉండి ఎరుపు లేని రోజులన్నీ పిల్లకు పోయే పాఠాలే. అవి ఎన్నున్నాయో అప్పుడే లెక్కపెట్టి, ఏవి మానుకోవచ్చో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి.

దసరా సంగతి ముఖ్యం. అవతల పిల్లలకు దసరాకు రోజుల తరబడి సెలవులు. ఇక్కడ పెద్ద సెలవులు దీపావళికి, వాటికి ముందే మొదటి సత్రం (మొదటి అర్ధ సంవత్సరం) పరీక్షలు. ఎంగిలిపూల నాడు అమ్మమ్మగారింటికి పోయి సద్దుల బతుకమ్మ దాకా ఉంటే తొమ్మిది రోజుల్లో ఉన్న బడి రోజులన్నీ పోతాయి, అదీ పరీక్షల ముందు. మేం ఎనిమిది రోజులూ ఇక్కడే ఆడి, సద్దులకు మాత్రం మా అమ్మగారి ఊరు మంథని పోతాం. దీపావళి సెలవుల్లో పిల్లలు అక్కడ తనివితీరా ఉంటారు. మా అమ్మ మొదట్లో అలిగింది. ఇప్పుడు ఆమే ఫోన్ చేసి "పరీక్షలు ఎప్పుడైతయే?" అని అడుగుతుంది.

సంక్రాంతికీ ఇదే పద్ధతి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది, పదో తరగతి పరీక్షలు దగ్గరపడే రోజులవి. పదో తరగతి పిల్లను ఆ ఏడు ఇంట్లో ఉంచి, సమ్మక్క సారలమ్మ తల్లులకు బంగారం (బెల్లం) మీరు సమర్పించి రండి. 2027లో గోదావరి పుష్కరాలు కూడా ఉన్నాయి, ఆ తేదీలనూ చుట్టిపెట్టుకోండి.

ఇక నిబంధనలు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 రోజులు, 6 నుంచి 8కి 220 రోజులు నడవాలి. "ఎనిమిది దాకా ఎట్లయినా పాస్ చేస్తారు" అనే మాట ఇప్పుడు చెల్లదు. మహారాష్ట్రలో 5, 8 తరగతులకు వార్షిక పరీక్ష పెట్టారు. తప్పితే మళ్లీ ఒక అవకాశం, అదీ తప్పితే అదే తరగతి. పదో తరగతి బోర్డు పరీక్షకు 75 శాతం హాజరు కావాలి. అంటే నాలుగు రోజుల్లో ఒక రోజుకు మించి మానకూడదు. చెప్పాపెట్టకుండా నెలకు మించి రాకపోతే ఆ పిల్లను బడి బయటి పిల్ల కింద లెక్కగడతారు.

ఆ నెల దాటేది ఎక్కువగా మిరపకాయ ఏరే కాలంలోనే. కూలికి అవతలికి పోయే వాళ్లను నేను తప్పుపట్టను, ఏడాది ఖర్చు అక్కడే దొరుకుతుంది. పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి పోవడమే అన్నిటికన్నా మేలు, మధ్యాహ్నం అన్నం బడిలోనే దొరుకుతుంది. తీసుకుపోక తప్పకపోతే బయల్దేరే ముందు సార్‌ను కలిసి శిక్షణ్ హమీ కార్డు అడగండి, వలసపోయే పిల్లల చదువు ఆగకుండా ఇచ్చే కార్డు అది. పోయిన ఊళ్లో బడికి వెళ్లి అది చూపించండి. టీసీ ఆలస్యమైందని పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదని చట్టమే చెప్తోంది.

ఒకటో తరగతి పిల్లలు పొద్దున్నే కడుపునొప్పి అని ఏడిస్తే ఒక్కోసారి అది మరాఠీ భయం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా చిన్నోడికి బడి తెరవకముందే మూడు మాటలు నేర్పాను: "సర్, పాణీ పిఊ కా?", "లఘవీలా జాఊ కా?", "మలా సమజలం నాహీ." దాహమైనా, ఒంటేలుకు వచ్చినా, పాఠం అర్థం కాకపోయినా నోరు తెరిచి అడగగలిగాడు, ఏడుపు తగ్గింది. సాయంత్రం బువ్వ తినేటప్పుడు సార్‌గా మీరు నటించి వాడితో అడిగించండి. పక్కింటి పెద్ద పిల్లతో కలిపి పంపితే ఇంకా మంచిది.

నిజంగా జ్వరమొస్తే మాత్రం పంపొద్దు. మనది మలేరియా జిల్లా, ఆ రోజే ఆశా తాయిని (ఆశా కార్యకర్తను) పిలిచి రక్తపరీక్ష చేయించండి. సార్‌కు ఆ పొద్దుటే ఫోన్ చేయండి. తగ్గాక పంపేటప్పుడు పిల్ల పేరు, తరగతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాలేదో, ఎందుకో రాసి, సంతకమో వేలిముద్రో పెట్టి ఇవ్వండి. తెలుగులో రాసినా ఫర్వాలేదు, మరాఠీలో తిరగరాయడానికి మీ పెద్ద పిల్లలున్నారు. మందుల చీటీ దానికి జతచేసి, ఇంకో నకలు ఇంట్లో దాచండి. పదో తరగతిలో హాజరు తక్కువైనప్పుడు అడిగేది ఆ చీటీలే.