ముక్కూ గొంతూ చూసే డాక్టరుకు వైరస్ అంటకుండా

కోవిడ్ వైరస్ దండిగా ఉండేది ముక్కు లోపలి పొరల్లో, దాని వెనక గొంతు పైభాగంలో. ఈఎన్టీ డాక్టరు తన మొహం పెట్టేదీ సరిగ్గా అక్కడే, జానెడు దూరంలో. ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్ వేసుకోమని అందరూ చెబుతారు. దానికంటే ముందు పేషెంటుకు దగ్గు రాకుండా చూసుకోవాలి.

కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్లున్న శ్రీకాకుళం జిల్లాలో చేపముల్లు కేసులు మహమ్మారి వచ్చినా ఆగవు. ముల్లు దిగుతుందని అన్నం ముద్దలు మింగి చూసి, అప్పటికీ పోకపోతేనే వస్తారు. అప్పటికే గొంతు ఒరుసుకుపోయి ఉంటుంది, ముట్టుకుంటే చాలు వాంతి వచ్చినట్టవుతుంది. ముందు జ్వరం, దగ్గు సంగతి అడగండి. ముల్లు ఏ పక్క గుచ్చుకుందో వేలితో చూపించమనండి. ఎదురుగా కాకుండా పక్కకు జరిగి కూర్చోండి. పేషెంటు మాస్కు ముక్కు మీదే ఉంచి, నోరు మాత్రం తెరిపించండి. ముల్లు చాలాసార్లు టాన్సిల్‌లోనే దొరుకుతుంది, హెడ్‌లైటు, ఫోర్సెప్స్ (పట్టకారు) సరిపోతాయి. నాలుకను ముందు భాగంలోనే నొక్కండి. వెనక తగిలితే దగ్గు మీ మొహం మీదికే.

కనబడకపోతేనే ఎండోస్కోప్, అంటే ముక్కులోంచి దించి గొంతు చూసే గొట్టం. మత్తుమందు స్ప్రే కొట్టొద్దు, స్ప్రేతోనే దగ్గొస్తుంది. 4 శాతం లిగ్నోకెయిన్ మత్తుమందు, ముక్కు దిబ్బడ తగ్గించే జైలోమెటజొలిన్ చుక్కలు కలిపి దూది తడిపి, గట్టిగా పిండి, ముక్కులో 10 నిమిషాలు ఉంచండి. పిండకపోతే మందు గొంతులోకి కారి మళ్లీ దగ్గే. ఈ లిగ్నోకెయిన్ మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు మొత్తం 5 మి.లీ. దాటనివ్వకండి, పిల్లలకు బరువును బట్టి లెక్కకట్టాలి.

ఇక గాలి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న గదిలో దాదాపు 34 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గంటకు 12 సార్లు అది మారాలంటే ఎగ్జాస్ట్ ఫ్యాను గంటకు 408 ఘనమీటర్లు లాగాలి. ఆ అంకె ఫ్యాను డబ్బా మీదే రాసి ఉంటుంది. అలా లాగినా గాల్లోని కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. తర్వాతి పేషెంటును అప్పుడే పిలవండి. పేషెంటు ఎగ్జాస్ట్ పక్కన, డాక్టరు కిటికీ పక్కన కూర్చోవాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. కరెంటు పోతే ఎగ్జాస్టూ ఆగుతుంది, కాబట్టి దానికి ఇన్వర్టర్ లైను వేయించండి.

ఎన్95 మాస్కు పెట్టుకున్నాక గట్టిగా ఊదండి. కళ్లద్దాలు మసకబారితే ముక్కు దగ్గర సందు ఉన్నట్టే. గడ్డం ఉంటే మాస్కు అతుక్కోదు. మన ఉక్కపోతకు మాస్కు చెమటతో తడిసిపోతుంది. తడిస్తే మార్చెయ్యాలి, ఇందులో పొదుపు పనికిరాదు.

అన్నిటికంటే ప్రమాదం ట్రెకియాస్టమీలో, అంటే మెడ ముందు కోసి శ్వాసనాళంలో ట్యూబు పెట్టే ఆపరేషన్‌లో. పేషెంటు కదలకుండా, దగ్గకుండా కండరాలు సడలించే మందు పూర్తిగా పనిచేయాలి. 100 శాతం ఆక్సిజన్ కనీసం 3 నిమిషాలు ఇప్పించి, వెంటిలేటర్ కోసం అప్పటికే వేసిన నోటి ట్యూబును కిందికి జరిపించండి, లేకపోతే కోతలో కఫ్ (ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) పగులుతుంది. తర్వాత వెంటిలేటర్ ఆపించండి. "ఆపాను" అని మత్తు డాక్టరు పైకి చెప్పింది విన్నాకే శ్వాసనాళం మీద కత్తి పెట్టాలి. అక్కడ కాటరీ (కరెంటు వేడితో కాల్చే పరికరం) వాడకూడదు: పొగతోపాటు వైరస్ లేస్తుంది, ఆక్సిజన్ వల్ల మంట రేగే ప్రమాదం ఉంది. నోటి ట్యూబును కోత పైకి మాత్రమే లాగించి, కొత్త ట్యూబు పెట్టి, కఫ్ ఊది, ఫిల్టరు తగిలించాకే వెంటిలేటర్ నడవాలి. కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద కనబడ్డాకే పాత ట్యూబు తీయించండి.

చెవి ఎముకను డ్రిల్లుతో తొలిచే ఆపరేషన్లు ఆగగలిగితే ఆపండి. 2021లో వచ్చిన బ్లాక్ ఫంగస్ లాంటి వాటికి చేసే ఆపరేషన్లు ఆగవు. వాటికి పూర్తి కిట్, ఆగకుండా సక్షన్.

అలసిపోయి కిట్ విప్పేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. గ్లవ్స్, గౌను, తర్వాత కళ్లద్దాలు. ప్రతిదాని తర్వాతా చేతులు శుభ్రం. మాస్కు గది బయటికొచ్చాకే, ముందు భాగం ముట్టకుండా, కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత తీయండి. మళ్లీ సబ్బుతో 40 సెకన్లు చేతులు కడిగి, అప్పుడు ఫోను పట్టుకోండి.