పాత డెస్క్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ బిగించడం

ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్‌డిస్క్ బదులు వాడే, చిప్పులతో చేసిన వేగమైన డిస్క్. పదేళ్ల నాటి కంప్యూటర్‌కి 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) ఎస్‌ఎస్‌డీ చాలు. విండోస్‌కీ, ఆఫీసు పనికీ 256 జీబీ సరిపోతుంది. ఫొటోలు, సినిమాలు పాత హార్డ్‌డిస్క్‌లోనే ఉండనివ్వండి. బోర్డులో ఉన్నది పాత తరం సాటా 2 అయితే వేగం సెకనుకు 270 ఎంబీ దగ్గరే ఆగుతుంది. అయినా కొనండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట దాచుకోండి. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా క్యాబినెట్ ఇనుమును ఓసారి తాకి పని మొదలెట్టండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులు మసకబారతాయి. ఎటూ మూత తీశారు కాబట్టి ర్యామ్‌ కూడా తీసి, దాని పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి.

ఎస్‌ఎస్‌డీకి రెండు వైర్లు: సన్నటి డేటా కేబుల్, వెడల్పాటి పవర్ కేబుల్. పాత ఎస్‌ఎమ్‌పీఎస్‌లో (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పెట్టె) సాటా పవర్ లేకపోతే మోలెక్స్ అనే పాత నాలుగు పిన్నుల పవర్ వైరును సాటాకి మార్చే కన్వర్టర్ వేయాలి. బిగించే ఫ్రేము లేకపోయినా ఫర్వాలేదు, లోపల తిరిగే భాగాలు లేవు; డబుల్ టేపుతో అంటించినా నిలుస్తుంది.

తర్వాత పాత డిస్క్‌ను క్లోన్ చేయండి, అంటే విండోస్‌తో సహా ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి. వాడిన జాగా ఎస్‌ఎస్‌డీలో పట్టాలి. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, కరెంటు పోతే మళ్లీ మొదటికే. అయ్యాక బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల తెర) బూట్ వరుసలో ఎస్‌ఎస్‌డీని పైకి తెండి. అక్కడే ఉండే సాటా మోడ్‌ను పాత పద్ధతి ఐడీఈ నుంచి కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి నేరుగా మారిస్తే విండోస్ తెరుచుకోక నీలం రంగు ఎర్రర్ తెర రావచ్చు. విండోస్‌ను ఒకసారి సేఫ్ మోడ్‌లో (అవసరమైన డ్రైవర్లతోనే నడిచే పద్ధతి) లేపితే చాలాసార్లు సర్దుకుంటుంది.