నీళ్ల బిందెలోంచి పిల్లల కథ

చెన్నైలో నీళ్ల లారీ వచ్చే సందుల్లో ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉంటాయి. కథకు వాటిలో ఒక్కటి చాలు. పది నిమిషాలు దాన్నే చూడండి: మూతి దగ్గర కరిగించి అతికిన పగులు, గుర్తుకి కట్టిన ఎర్ర పేలిక, అడుగున అరిగిన గీతలు. కనిపించినవన్నీ రాసుకుని మూడు ప్రశ్నలు వేయండి. దీనికేం కావాలి? అడ్డేమిటి? ఇవాళ కొత్తగా ఏం జరిగింది?

చాలా కథలు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. బిందెకు మాటలొచ్చినంత మాత్రాన కథ అవదు. పేలిక ఊడిపోయి, పక్కింటివాళ్లు తమదనుకుని పట్టుకెళ్లారనుకోండి, అప్పుడు కదులుతుంది. ఆరేడేళ్ల పిల్లలకైతే 300 మాటలు దాటనివ్వకండి. చివర్లో నీతి తగిలించొద్దు. బిందె ఇల్లు చేరితే వాళ్లకదే సంతోషం. రాశాక పైకి చదివి, నాలుక తడబడిన వాక్యాన్ని రెండుగా విరవండి.