ప్రమోషన్ ఫైల్ పెట్టే ముందు మీ సైటేషన్లు మీరే ఒకసారి తిరగేయండి

క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్, కాలేజీ, యూనివర్సిటీ టీచర్లకి ప్రమోషన్లిచ్చే పథకం) నోటిఫికేషన్ పడిందంటే చాలు, డిపార్ట్‌మెంట్‌లో అందరూ గూగుల్ స్కాలర్ తెరిచి నీ హెచ్ ఇండెక్స్ ఎంత నాది ఎంత అని చూసుకోవడం మొదలుపెడతారు. మన పేపర్‌ని వేరే పేపర్లు రిఫరెన్స్‌గా చూపితే అది సైటేషన్, వాటిని బట్టి కట్టే అంకె హెచ్ ఇండెక్స్. ఆ నంబర్‌ని ఉన్నదున్నట్టు ఫైల్‌లోకి ఎక్కించేయకండి, దయచేసి. కమిటీలో ఒక్కరు ఓపికగా క్లిక్ చేసి చూసి తేడా పట్టుకున్నారంటే మీరు కష్టపడి రాసిన పేపర్ల మీద కూడా అనుమానం పడుతుంది. రెండు నెలల ముందే కూర్చోండి.

ముందు పేరు సంగతి, మన తెలుగువాళ్లకి ఇదే పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ముందు రాస్తాం, సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటుంది, థీసిస్‌లో ఇంకోలా, ఆడవాళ్లకి పెళ్లయ్యాక మరోలా. రావు కె.ఎస్. అని ఒక ప్రొఫైలు, శ్రీనివాసరావు కె. అని ఇంకో ప్రొఫైలు, స్కోపస్ (పేపర్లనీ సైటేషన్లనీ లెక్కపెట్టే డేటాబేస్) లెక్కలో ఇద్దరు మనుషులు, నిజానికి ఒక్కరే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్ అనే సైంటిస్టుతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు కదా, లోకమంతా దాన్ని ఫిస్క్-సుబ్బారో మెథడ్ అనే అంటుంది, యల్లాప్రగడ అన్నది వై అనే ఒక్క అక్షరంలోకి వెళ్లిపోయింది. అందుకే ఒక్క స్పెల్లింగ్ పట్టుకుని చివరిదాకా అదే వాడండి, 16 అంకెల ఆర్కిడ్ నంబర్ తీసుకోండి (రీసెర్చ్ చేసే ఒక్కో మనిషికి ఒక్కటే ఉండే ఐడీ, ఫ్రీ), స్కోపస్‌లో విడిపోయిన ప్రొఫైళ్లు కలపమని రిక్వెస్ట్ పెట్టండి. దానికి టైం పడుతుంది, ఆఖరి వారంలో పెడితే లాభం లేదు.

పోయినేడు నాకంటే చిన్నదైన ఒక కొలీగ్ "అక్కా, నా సైటేషన్లు ఎలా పెరిగాయో చూడు" అని సంబరంగా ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. తనది అనలిటికల్ కెమిస్ట్రీ. లిస్టు కిందికి జరుపుతూ పోతుంటే మధ్యలో వరిలో సుడిదోమ మీద ఒక పేపర్ కనిపించింది, దానికి వందకు పైనే సైటేషన్లు, తను జన్మలో సుడిదోమ జోలికి పోలేదు. అదే పేరున్న ఇంకెవరో రాసింది, గూగుల్ స్కాలర్ తనంతట తనే తెచ్చి కలిపేసింది. వెతికితే అలాంటివి ఇంకో నాలుగు దొరికాయి, అన్నీ తీసేసరికి హెచ్ ఇండెక్స్ 11 నుంచి 9కి వచ్చింది. పిల్ల మొహం చిన్నబోయింది, కానీ ఒక్కోటి తనే డిలీట్ కొట్టింది. మీరూ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, ముందు ఈమెయిల్ పంపి అడగమని పెట్టుకోండి.

ఇంతకీ హెచ్ ఇండెక్స్ అంటే ఏంటో తెలీకుండానే చాలామంది రాసేస్తున్నారు. 2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క ఇది. మీ పేపర్లకి 25, 8, 5, 4, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి, కనీసం నాలుగేసి ఉన్నవి నాలుగు ఉన్నాయి కాబట్టి మీ హెచ్ 4. ఆ 25 రేపు 2500 అయినా మీ హెచ్ 4 దగ్గరే ఉంటుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ, జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రీప్రింట్లూ కూడా లెక్కేస్తుంది, స్కోపస్ తన లిస్టులో ఉన్నవే చూస్తుంది, అందుకే రెండు చోట్లా నంబర్ వేరుగా వస్తుంది. ఏ డేటాబేస్‌లో ఏ తేదీన చూశారో పక్కన రాయకపోతే ఆ నంబర్‌కి విలువ లేదు. స్కోపస్‌లో సెల్ఫ్ సైటేషన్లు (మన పేపర్‌ని మనమే సైట్ చేసుకున్నవి) తీసేసి చూసే వీలుంది, ఆ అంకె కూడా మీరే ముందుగా ఇచ్చేయండి. మ్యాథ్స్ వాళ్లు మెడిసిన్ వాళ్లతో పోల్చుకుని కుంగిపోకండి, అక్కడ పేపర్లూ ఎక్కువ, రిఫరెన్సులూ ఎక్కువ.

జర్నల్ దగ్గర ఇంకా జాగ్రత్త. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్ పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చెప్పే అంకె) అనేది జర్నల్‌ది, మీ పేపర్‌ది కాదు, పైగా ఏవేవో పేర్లతో నకిలీ ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు వెబ్‌సైట్ల మీద వేలాడుతుంటాయి, అసలుది లెక్కగట్టే క్లారివేట్ కంపెనీ లిస్టులో మీ జర్నల్ ఉందో లేదో చూసుకోండి. మన హైదరాబాద్ నుంచే నడిచిన ఒమిక్స్ అనే జర్నల్స్ కంపెనీ రీసెర్చర్లని మోసం చేసిందని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. 2023లో ఒక్క హిందావీ అనే పబ్లిషర్ జర్నల్స్ నుంచే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు, వాటిని నమ్మి తమ రిఫరెన్సుల్లో పెట్టుకున్నవాళ్లు ఎంతమందో. ఇలా వెనక్కి తీసుకున్న పేపర్ల లిస్టు, రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్, ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు, మీ కో-ఆథర్ల పేర్లు కూడా కొట్టి చూడండి, మొహమాటపడకండి.

కొలాబరేషన్ పేపర్లే అసలు గొడవ. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం ఇద్దరు రాస్తే పేపర్‌కున్న పాయింట్లలో చెరో 70 శాతం, ముగ్గురూ అంతకంటే ఎక్కువైతే మొదటి ఆథర్‌కో కరస్పాండింగ్ ఆథర్‌కో (జర్నల్‌తో ఉత్తరాలు నడిపేవాళ్లు) 70, మిగతావాళ్లకి తలా 30. అంటే పేపర్‌కి 20 పాయింట్లుంటే మీకు 14 రావచ్చు, 6 కూడా రావచ్చు. అందుకే ఎవరి పేరు ఎక్కడో పని మొదలయ్యే రోజే మాట్లాడుకోండి, మెయిల్‌లో పెట్టుకోండి. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం మాస్ మీద వచ్చిన ఫిజిక్స్ పేపర్‌కి 5,154 మంది ఆథర్లు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకే పోయాయి, అలాంటి దాంట్లో మీ పేరుంటే మీరు చేసిన ముక్క ఏంటో రెండు లైన్లలో రాస్తే తప్ప ఎవరికి తెలుస్తుంది? డబ్బులిస్తే ఆథర్ పొజిషన్ అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లకీ, నువ్వు నాది సైట్ చెయ్ నేను నీది చేస్తా అనే గ్రూపులకీ రిప్లై కూడా ఇవ్వకండి.

సైటేషన్లు తక్కువున్నాయని మంచి పేపర్‌ని ఫైల్‌లోంచి తీసేయకండి కూడా. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో రాసిన పేపర్ కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది, అందులోని క్రామర్-రావు బౌండ్ (ఒక అంచనా ఎంత ఖచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు) ఈరోజు టెక్స్ట్‌బుక్కుల్లో ఉంది, వాడేవాళ్లలో చాలామంది ఆ పేపర్‌ని రిఫరెన్స్‌గా ఇవ్వనే ఇవ్వరు. 2023లో ఆయనకి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. మీ పద్ధతిని ఏ ల్యాబైనా వాడుతోంటే ఆ ల్యాబ్ నుంచి ఒక ఉత్తరం తెప్పించి జతచేయండి.

ఫైల్ ఇచ్చే రోజు పొద్దున్నే ప్రొఫైల్ పేజీలు తేదీ కనపడేలా ప్రింట్ తీసుకోండి, ఎందుకంటే వారం తిరిగేసరికి ఆ అంకెలు మారిపోతాయి.