క్లినికల్ రీసెర్చ్ పీజీ అప్లికేషన్: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

అడ్మిషన్ల సీజన్ మొదలైతే నా ఫోన్‌కు తీరిక ఉండదు. నేను అనంతపురంలో ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టర్ కోర్సు) చేసి క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే మందులను మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల్లో, కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నానని తెలిసిన జూనియర్లు ఇటు కర్నూలు నుంచి, అటు కడప నుంచి చేస్తుంటారు. అందరూ మొదట అనేది ఒకటే: "మార్కులు తక్కువ కదన్నా, అందుకే రాలేదేమో." నేను చూసినంతలో చాలామందికి మార్కులు అడ్డం కాలేదు. ఒక కాగితంలో ఒకటి, ఇంకో కాగితంలో ఇంకోటి ఉండడం, లేదా ఎన్ని కాగితాలు పెట్టినా అందులో మనిషి కనబడకపోవడం. గొడవంతా అక్కడే.

"అప్లై చేసిన గంటకే సీటు వచ్చిందన్నా!"

ఇది సమస్యలాగా కనబడదు. కానీ అన్నిటికంటే ఖరీదైన సమస్య ఇదే. గంటలో సీటు ఖాయం, రేపటిలోగా ఫీజు కట్టాలి, ఉద్యోగం గ్యారంటీ అన్నారంటే అది కోర్సు కాదు, కోచింగ్ దుకాణం. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇలాంటివి చాలా ఉన్నాయి. మనకు రెండూ బస్సు దూరమే కాబట్టి ముందు మనకే ఫోన్లు వస్తాయి.

చేయాల్సింది: "సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది?" అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే అక్కడితో వదిలేయండి. పేరు చెబితే యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. దూరవిద్య కోర్సయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో ఆ ఏడాదికి ఆ కోర్సుకే అనుమతి ఇచ్చిందా అన్నది విడిగా చూడాలి. స్కిల్ నేర్పే ప్రైవేటు డిప్లొమాలన్నీ మోసమని నేను అనడం లేదు. దాన్ని పీజీ డిగ్రీ అనుకొని అప్పు చేయొద్దంటున్నాను. బీఫార్మసీ చేసినవాళ్లు ఎంఫార్మసీ వైపు కూడా చూడాలి. జీప్యాట్ (ఎంఫార్మసీకి జాతీయ ప్రవేశ పరీక్ష)లో అర్హత సాధించి, గుర్తింపు ఉన్న కాలేజీలో చేరితే స్టైపెండ్ ఉంటుందేమో కాలేజీలో అడిగి తెలుసుకోండి. జీప్యాట్ లేకపోతే మన రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ పీజీఈసెట్ ఉంది.

"వెరిఫికేషన్ పెండింగ్" అని వారాలుగా అలాగే ఉంది

నూటికి తొంభై పాళ్లు పేరు దగ్గరే చూడండి. టెన్త్ మెమోలో 'పి. మహేశ్వరి', ఆధార్‌లో 'పెద్దింటి మహేశ్వరి', డిగ్రీ మెమోలో 'మహేశ్వరి పి' అని ఉంటుంది. మన ఇంట్లో ముగ్గురూ ఒకరే. అక్కడ కూర్చున్న క్లర్కుకు మాత్రం ముగ్గురు మనుషులు. పైగా ఫారంలో లాస్ట్ నేమ్ అని ఒక గడి ఉంటుంది. మనం ఇంటిపేరు ముందు రాసే వాళ్లం, ఆ గడిలో ఒకరు నాన్న పేరు వేస్తారు, ఇంకొకరు చుక్క పెడతారు.

టెన్త్ మెమోలో ఉన్నదే అసలు పేరనుకోండి. మిగతావన్నీ దానికి సరిపోవాలి. ఆధార్‌లో మార్పు సేవా కేంద్రంలో చేయించుకోవచ్చు, కాకపోతే చివరి వారంలో పెట్టుకుంటే కాదు. టైం లేకపోతే, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి మెమోలతో కలిపి ఒకే పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయండి.

ఇంకోటి. నెట్ సెంటర్లో అప్లై చేసేటప్పుడు తొందరలో వాళ్ల ఈమెయిలే ఇచ్చేస్తారు. మనకొచ్చే ఇంటర్వ్యూ లెటర్ నెట్ సెంటర్ అన్న ఇన్‌బాక్స్‌లో కరెంటు బిల్లుల మధ్య పడుంటుంది. సొంత మెయిల్, సొంత నంబరు ఇవ్వండి, నాన్న నంబరు కూడా వద్దు.

పర్సంటేజీ తప్పు పడింది

సీజీపీఏను 9.5తో గుణించేశారా? అది సీబీఎస్ఈ టెన్త్‌కు పెట్టిన లెక్క. మీ యూనివర్సిటీ సూత్రం మీ బ్యాచ్ రెగ్యులేషన్స్‌లో ఉంటుంది. ఆ పేజీ తీసి మెమోకు జత చేయండి.

డబ్బులు కట్ అయ్యాయి, రసీదు రాలేదు

టెన్షన్ పడి వెంటనే రెండోసారి కట్టకండి. ఆర్‌బీఐ 2019లో పెట్టిన నిబంధన ప్రకారం ఇలా ఆగిపోయిన యూపీఐ, ఆన్‌లైన్ కార్డు చెల్లింపు ఐదు రోజుల్లోపు తిరిగి రావాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు కలిపి ఇవ్వాలి. ట్రాన్సాక్షన్ నంబరు రాసి పెట్టుకోండి. అదే చివరి తేదీ అయితే మాత్రం ఆలోచించకుండా మళ్లీ కట్టేయండి. పాత డబ్బు తర్వాతైనా వస్తుంది, తేదీ రాదు.

ఎస్‌వోపీ (ఈ కోర్సు ఎందుకు కావాలో మనం రాసే లేఖ) పంపాక ఏ కబురూ లేదు

లక్షణం ఇది: మార్కులు బాగున్నాయి, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, అయినా షార్ట్‌లిస్టులో పేరుండదు. జూనియర్లు పంపే ఎస్‌వోపీలు చదువుతుంటాను. "చిన్నప్పటి నుంచి సమాజానికి సేవ చేయాలని" అని మొదలవుతుంది, "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో" అని ముగుస్తుంది. మధ్యలో క్లినికల్ రీసెర్చ్ అన్న చోట బ్యాంకు కోచింగ్ అని పెట్టినా అతుకుతుంది. నెట్లో దొరికినదో, సీనియర్ ఇచ్చినదో, ఈ మధ్య ఏఐ రాసినదో, అందరిదీ ఒకే అచ్చు.

దీనికి విరుగుడు కాపీ కొట్టకపోవడం ఒక్కటే కాదు, మీరు చూసిన ఒక్క కేసు రాయడం. వార్డు పోస్టింగ్‌లో నేను చూసినది చెప్తాను. మెడిసిన్ వార్డులో ఒక పెద్దాయన, ఒళ్లంతా దద్దుర్లు. ఏం మందు వాడావంటే "తెల్ల మాత్ర" అంటాడు, అంతే. మూడో రోజు ఆయన భార్య పాలిథిన్ కవర్‌లో నాలుగు మడతలు పెట్టిన చీటీ తెచ్చింది, ఊర్లో ఆర్‌ఎంపీ రాసినది. దాన్ని బట్టి మందు మొదలుపెట్టిన తేదీ, దద్దుర్లు కనబడిన తేదీ, ఆపాక తగ్గాయా లేదా అన్నవి కూర్చి ఏడీఆర్ ఫారం (మందు వల్ల కలిగిన చెడు ప్రభావాన్ని తెలిపే ఫారం) నింపాం. 2010 నుంచి దేశంలో నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రతను గమనించే) కార్యక్రమానికి పోయే ఫారమే అది. ఒక్క తేదీ కోసం మూడు రోజులు తిరిగానన్న ఈ ముక్క నా ఎస్‌వోపీలో ఉంది. ఇంటర్వ్యూలో సగం సేపు దాని గురించే అడిగారు.

వార్డు అనుభవం లేని బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లు ఖాళీగా ఉండాల్సిన పనిలేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి చెన్నై ఎపిడెమియాలజీ సంస్థ 'హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్' కోర్సును స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికల ద్వారా నడుపుతుంది. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. మీకు నచ్చిన జబ్బు మీద సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ రిజిస్టరు) వెబ్‌సైట్‌లో ఒక ట్రయల్ తెరిచి చదవండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ట్రయల్స్ అక్కడ నమోదు కావాల్సిందే. ఎవరిని చేర్చుకున్నారు, ఎవరిని వద్దన్నారు, ఎందుకు? దాని గురించి ఐదు వాక్యాలు సొంతంగా రాయగలిగితే చాలు.

ఇంటర్వ్యూలో మొదటి రెండు ప్రశ్నలకే నోరు పెగల్లేదు

కారణం చాలాసార్లు పాత నోట్సు. ట్రయల్స్‌కు పాత నిబంధనలైన షెడ్యూల్ వై పేరే ఇంకా చెప్తుంటారు. 2019 మార్చి నుంచి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకం జీసీపీకి కూడా 2025 జనవరిలో ఈ6 ఆర్3 అనే కొత్త రూపం వచ్చింది. మొత్తం బట్టీ పట్టనక్కర్లేదు. సీరియస్ ఈవెంట్ (ట్రయల్‌లో ఉన్న మనిషికి తీవ్రమైన హాని) జరిగితే ఇన్వెస్టిగేటర్, అంటే ట్రయల్ నడిపే డాక్టరు, 24 గంటల్లో ఎవరెవరికి తెలపాలి, ఎథిక్స్ కమిటీ దేనికి, సమ్మతి ఎలా తీసుకోవాలి, ఈ మూడూ అడక్కుండా వదలరు.

సమ్మతి దగ్గర మన ప్రాంతం వాళ్లకు ఒక అనుకూలం ఉంది. "చదువు రాని పేషెంటుతో ఎలా చేస్తారు?" అని అడుగుతారు. పుస్తకంలో జవాబు: ఆ సంభాషణ మొత్తం పక్షపాతం లేని సాక్షి పక్కనే ఉండి సంతకం చేయాలి. అది చెప్పి ఆగకండి. మన ఆసుపత్రుల్లో రోజూ వినే మాట చెప్పండి: "నాకేం తెలుస్తాది సార్, యాడ ఏలిముద్ర ఏయమంటే ఆడ ఏస్తా." అది సమ్మతి కాదు, భయమో మర్యాదో. "మందు పేరు వద్దులే పెద్దాయనా, మధ్యలో మానేయాలనిపిస్తే ఏం చేస్తావో చెప్పు" అని అడిగి, ఆయన నోటితో ఆయన చెప్పేదాకా ముద్ర తీసుకోనని చెప్పండి. బోర్డులో కూర్చున్నవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఇంగ్లీషు రాదని భయపడేవాళ్లకు ఒకటే: నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. తెలియనిది తెలియదనండి.

సీటు వచ్చింది, కానీ ఒరిజినల్స్ లేవు

ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు, లేదా ఫీజు బాకీ ఉందని కాలేజీ ఒరిజినల్స్ పట్టుకుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. గొడవకు పోకుండా ఆ నోటిఫికేషన్ ప్రింటు జత చేసి ప్రిన్సిపల్‌కు లెటర్ ఇవ్వండి, రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ప్రొవిజనల్ ఆలస్యమైతే కొత్త కాలేజీ అండర్‌టేకింగ్ అడుగుతుంది. ఫలానా తేదీలోగా ఇస్తానని అందులో రాయాలి. ఆ తేదీ ఊహించి వేయకండి. యూనివర్సిటీ ఎగ్జామ్ సెక్షన్‌లో అడిగి, వాళ్లు చెప్పినదానికి ఇంకో పదిహేను రోజులు కలిపి వేయండి.